ఆసుపత్రి పళ్లెంలో పప్పెంత? ప్రకృతి రైతులు వేసుకోవాల్సిన లెక్క

పైన వీడియోలో మా చోడి పిండి మిల్లు కాటా మీద ఒక పెద్దాయన నిలబడి ఉంటారు, చూశారు కదా. ఆయన మా నాన్న. బస్తాలు తూచే కాటా మీద మనిషిని ఎందుకు నిలబెట్టావని చాలామంది ఫోన్ చేసి అడిగారు. వీడియోలో చెప్పడానికి టైం సరిపోలేదు, అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మా కోటవురట్ల వాళ్లకు జబ్బు కాస్త పెద్దదైతే ముందు నర్సీపట్నం వెళ్తాం, అక్కడ కాకపోతే విశాఖ కేజీహెచ్. నాన్నకు షుగర్ ఉంది. పొలంలో ముల్లు దిగి కాలికి పుండు పడింది. చిన్నదే కదా అని పది రోజులు నిర్లక్ష్యం చేశాం. ఆఖరికి ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్చాం. పేరు రాయను. అక్కడి డాక్టర్లు, నర్సులు మాకు చేసిన మేలు చిన్నది కాదు. 12 రోజులు డ్రెస్సింగ్, ఇంజెక్షన్లు, మందులు అన్నీ ఉచితంగా ఇచ్చారు. కాలు నిలబడింది.

కానీ ఇంటికొచ్చాక మనిషి గాలికి ఊగుతున్నట్టు కనిపించాడు. కాటా మీద నిలబెడితే 54 కేజీలు. సంక్రాంతికి ఇదే కాటా మీద సరదాగా తూచుకుంటే 58 ఉన్నారు. జ్వరం వల్ల కొంత, మంచం మీద ఉండడం వల్ల కొంత తగ్గుతుంది, ఒప్పుకుంటాను. తిండి వల్ల ఎంత తగ్గింది? ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను నేర్చుకున్నదే ఈ వ్యాసం.

పళ్లెంలో ఏముంది?

పొద్దున బ్రెడ్డు, ఒక గ్లాసు పాలు. మధ్యాహ్నం తెల్లన్నం, సాంబారు, ఒక కూర, గుడ్డు, మజ్జిగ. రాత్రికి మళ్లీ అన్నం, సాంబారు. చూడ్డానికి మరీ తీసిపారేసే భోజనం కాదు. శుభ్రంగానే వడ్డించారు. అయితే నాన్న మొదటి రోజే గరిటెతో సాంబారు తిప్పి, "ఏటిరా ఇది, పప్పు ఎతుక్కోవాలేటి?" అన్నారు. షుగర్ ఉన్నాయనకూ, పక్క మంచం మీద చెయ్యి విరిగిన కుర్రాడికీ, ఆ పక్కన జ్వరం తగ్గిన ముసలమ్మకూ అదే పళ్లెం.

ఇంకో సంగతి. రాత్రి భోజనం ఆరున్నరకే వచ్చేసేది. పొద్దున బ్రెడ్డు ఎనిమిదింటికి. అంటే పదమూడు గంటలకు పైగా ఖాళీ కడుపు. షుగర్ మందు వేసుకున్న మనిషికి అది మంచిది కాదు. అర్ధరాత్రి చెమటలు పట్టి లేచినప్పుడు అమ్మ దగ్గరున్న బిస్కెట్టే దిక్కయింది. నోటికి రుచి లేదని ఆయన సగం వదిలేసేవారు. మిగిలిన సగం అమ్మ తినేది. తోడున్నవాళ్లకు విడిగా భోజనం ఉండదు కదా. పళ్లెం ఖాళీ అయిపోయేది కాబట్టి రోగి తిన్నాడనే అందరూ అనుకునేవారు.

మాంసకృత్తుల లెక్క

మనం పొలానికి ఎకరాకు ఇన్ని లీటర్ల జీవామృతం అని లెక్క వేసుకుంటాం. మనిషికీ ఒక లెక్క ఉంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్, చెప్పేదాని ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కేజీ బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 58 కేజీల మనిషికి దాదాపు 48 గ్రాములు. పుండు మానాలన్నా, జ్వరంలో కరిగిపోయిన కండ తిరిగి రావాలన్నా ఇది చాలదు. అలాంటివాళ్లకు పోషకాహార నిపుణులు సాధారణంగా కేజీకి 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా చెప్తారు. అంటే నాన్నకు 70 నుంచి 87 గ్రాములు.

మరి ఆ పళ్లెంలో ఎంత ఉంది? నా అంచనా ఇది:

- బియ్యం రోజుకు 400 గ్రాములు అనుకుంటే 32 గ్రాములు
- సాంబారులో పప్పు 30 గ్రాములు అనుకుంటే 6 గ్రాముల పైన
- గుడ్డు ఒకటి: 6 గ్రాముల పైన
- పాలు 200 మిల్లీలీటర్లు: 6 గ్రాముల పైన
- కూరగాయలు: 3 గ్రాములు

మొత్తం 54, 55 గ్రాములు. అదీ మొత్తం తింటేనే. సగం తింటే 27. కావాల్సిన దాంట్లో మూడో వంతు చిల్లర. పుండు నిదానంగా మానిందంటే ఆశ్చర్యం ఏముంది?

ఈ లెక్కలో ఇంకో చిక్కు కూడా ఉంది. మాంసకృత్తుల్లో సగానికి పైగా బియ్యం నుంచే వస్తున్నాయి. అంటే అవి అందాలంటే షుగర్ మనిషి అంత తెల్లన్నమూ తినాలి. అన్నం తగ్గించమని డాక్టర్ చెప్తే మాంసకృత్తులూ తగ్గిపోతాయి.

తెల్లబియ్యం నేర్పిన పాత పాఠం

ఇది మన తీరానికి కొత్త కథ కాదు. వంద ఏళ్ల కిందట ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన విశాఖ, గోదావరి వైపు, బెరిబెరి జబ్బు ఎక్కువగా ఉండేది. కాళ్లు తిమ్మిరెక్కడం, వాపులు, గుండె బలహీనపడడం దాని లక్షణాలు. బాగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యమే ప్రధాన తిండి కావడం, తవుడుతోపాటు బి1 విటమిన్ పోవడం అందుకు కారణమని తేలింది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఆ జబ్బు తక్కువగా కనిపించేది. ఈ పరిశోధన చేసినవాళ్లలో ముఖ్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్. ఆయన 1918లో కూనూరులో చిన్న గదిలో మొదలుపెట్టిన ప్రయోగశాలే పెరిగి, 1958లో హైదరాబాద్‌కు మారి, ఇప్పటి ఎన్ఐఎన్ అయింది.

చూడండి, దేశానికి పోషకాహారం గురించి చెప్పే సంస్థ పుట్టుకలోనే మన ప్రాంతం తెల్లన్నం కథ ఉంది. ఇప్పుడు బెరిబెరి అరుదు. కానీ పళ్లెం నిండా అన్నం పెట్టి భోజనం పెట్టామనుకునే అలవాటు మాత్రం పోలేదు, మన ఇళ్లలోనూ, ఆసుపత్రుల్లోనూ.

డబ్బు ఎక్కడ ఆగుతోంది?

ప్రభుత్వ ఆసుపత్రుల్లో భోజనానికి రోగికి రోజుకు ఇంత అని డైట్ చార్జీ ఉంటుంది. వంట చాలాచోట్ల టెండర్ పాడుకున్న కాంట్రాక్టర్‌ది. పొద్దున వార్డుల నుంచి ఎన్ని పళ్లేలు కావాలో లెక్క వెళ్తుంది, ఆ లెక్క మీద బిల్లు వస్తుంది. తెలంగాణలో ఈ చార్జీ చాలాకాలం 40 రూపాయలే. 2022లో దాన్ని 80కి పెంచారు. టీబీ, క్యాన్సర్ లాంటి జబ్బులవాళ్లకు 56 ఉండేది 112 అయింది. రెట్టింపు చేయడం మంచి పనే.

అయితే 80 రూపాయల్లో ఏం వస్తుంది? మా సంత ధరలతో, అటూ ఇటూగా, నాన్నలాంటి మనిషికి సరిపోయే ఒక రోజు సరుకు లెక్క వేశాను:

- బియ్యం 400 గ్రాములు: 18 రూపాయలు
- కందిపప్పు 80 గ్రాములు: 10
- గుడ్లు రెండు: 14
- పాలు, పెరుగు కలిపి 400 మిల్లీలీటర్లు: 24
- కూరగాయలు, ఆకుకూర 300 గ్రాములు: 12
- నూనె 25 గ్రాములు: 4
- వేరుశనగ చిక్కీ 30 గ్రాములు: 6

మొత్తం 88 రూపాయలు. దీంతో మాంసకృత్తులు 80 గ్రాములు దాటుతాయి. (షుగర్ మనిషికి చిక్కీ బదులు వేయించిన పల్లీలు, అన్నంలో కొంత తగ్గించి ఇంకాస్త పప్పు వేసుకోవాలి.) ఇందులో గ్యాస్, వంటవాళ్ల కూలి, రవాణా, కాంట్రాక్టర్ మిగులు ఏవీ లేవు. కాబట్టి తక్కువ కోట్ చేసినవాడికే టెండర్ వెళ్లినప్పుడు ముందు పలచబడేది పప్పే. సాంబారులో పప్పెంత ఉందో ఎవరూ తూచరు కదా.

అదే వ్యవస్థకు తూచడం తెలుసు

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. ప్రభుత్వ ఆసుపత్రులకు తిండిని మందులా ఇవ్వడం తెలియక కాదు. తీవ్ర పోషకాహార లోపం ఉన్న ఐదేళ్లలోపు పిల్లల కోసం పోషకాహార పునరావాస కేంద్రాలు ఉన్నాయి, ఎన్ఆర్‌సీ అంటారు. దండ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉన్నా, రెండు కాళ్లూ వాచి ఉన్నా, ఎత్తుకు తగ్గ బరువు బాగా తక్కువున్నా బిడ్డ ప్రమాదంలో ఉన్నట్టు. మొదట్లో ఎఫ్-75 అనే పాల మిశ్రమం రెండేసి గంటలకు ఇస్తారు. 100 మిల్లీలీటర్లకు 75 కేలరీలు కాబట్టి ఆ పేరు. కాస్త కోలుకున్నాక ఎఫ్-100. రోజూ బరువు తూస్తారు. ఎంత ఇచ్చారు, ఎంత తాగింది, ఎంత మిగిలింది, వాంతి చేసుకుందా, అన్నీ చార్ట్‌లో రాస్తారు. తల్లికీ భోజనం, కూలి పోయినందుకు కొంత డబ్బు ఇస్తారు.

బాలింతలకూ లెక్క ఉంది. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమంలో మామూలు కాన్పుకు 3 రోజులు, ఆపరేషన్ కాన్పుకు 7 రోజులు ఉచిత భోజనం ఇవ్వాలి. టీబీ రోగులకు నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకు 500, 2024 నవంబర్ నుంచి 1,000 రూపాయలు ఖాతాలో వేస్తున్నారు.

టీబీలో తిండి ఎంత పనిచేస్తుందో జార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ అనే అధ్యయనం చూపించింది. 2023లో ఫలితాలు వచ్చాయి. రోగుల ఇంట్లోవాళ్లకు నెలనెలా బియ్యం, పప్పు ఇస్తే వాళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. రోగుల్లో కూడా, మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్లలో మరణాలు బాగా తక్కువగా ఉన్నాయి. బియ్యం, పప్పు చేసిన పని అండి ఇది.

పెద్దవాళ్ల వార్డుల గురించి స్విట్జర్లాండ్‌లో ఒక అధ్యయనం చేశారు, 2019లో వచ్చింది. 8 ఆసుపత్రులు, 2 వేలకు పైగా రోగులు. చేరగానే పోషకాహార లోపం ముప్పు ఉన్నవాళ్లను గుర్తించారు. సగం మందికి మామూలు ఆసుపత్రి భోజనం, మిగతా సగానికి మనిషి మనిషికీ లక్ష్యం పెట్టి డైటీషియన్ పర్యవేక్షణలో తిండి ఇచ్చారు. నెల రోజుల్లో మరణాలు మొదటి గుంపులో 10 శాతం దగ్గర, రెండో గుంపులో 7 శాతం దగ్గర ఉన్నాయి. డబ్బున్న దేశంలో కూడా పళ్లెం పెట్టి వెళ్లిపోతే చాలలేదన్నమాట.

మరి మన పెద్దవాళ్ల వార్డులో ఏం కావాలి? చేరిన రోజు బరువు, వారానికోసారి మళ్లీ బరువు. పళ్లెంలో ఎంత మిగిలిందో రెండు ముక్కలు: సగమా, పావా. ఎవరికి షుగర్ పళ్లెం, ఎవరికి ఉప్పు తక్కువ పళ్లెం, ఎవరికి మెత్తటి తిండి అని మంచం దగ్గర ఒక చీటీ. నాన్న 12 రోజుల కేస్ షీట్‌లో బీపీ, షుగర్, జ్వరం ఉన్నాయి. బరువు ఒక్కసారీ లేదు. తూచి ఉంటే నాలుగు కేజీలు పోయేదాకా ఎవరో ఒకరు ఆపేవారు.

మన పంట ఆసుపత్రికి వెళ్లాలంటే

ఇప్పుడు మన సంగతి. నాన్న ఇంటికొచ్చాక నేను ఆవేశంగా ఒక భోజన కాంట్రాక్టర్ దగ్గరికి వెళ్లి, ప్రకృతి సేద్యం కూరగాయలు ఇస్తానన్నాను. ఆయన నవ్వి, "బాబూ, రోజూ ఇంతమందికి, ఏడాది పొడుగునా, నెలల తరబడి అప్పు మీద ఇవ్వగలవా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన చెప్పింది నిజం.

అప్పటి నుంచి ఆలోచించి నాకు అర్థమైనవి ఇవి.

1. ముందు పరిమాణం, ఆ తర్వాతే మన ముద్ర. రోగికి ముందు కావాల్సింది చిక్కటి పప్పు, రెండో గుడ్డు. 30 గ్రాముల రసాయనం లేని పప్పు కన్నా 80 గ్రాముల మామూలు పప్పే రోగికి ఎక్కువ మేలు. ఈ మాట మనకు నచ్చకపోయినా ఒప్పుకోవాలి.

2. కూరగాయలతో మొదలుపెట్టొద్దు. పాడవుతాయి, ధర రోజుకోలా ఉంటుంది. పప్పులు, ఉలవలు, పల్లీలు, చోడి పిండి, చింతపల్లి వైపు రాజ్మా నిలవుండే సరుకులు. మామూలు పప్పు కేజీ 130, మనది 180 అనుకున్నా రోగికి రోజుకు తేడా 4 రూపాయలే. ఆ 4 రూపాయలు దాతలో, ఆసుపత్రి అభివృద్ధి సొసైటీయో పెట్టుకోగలిగినంత చిన్న మొత్తం.

3. చోళ్ల గురించి ఎక్కువ చెప్పుకోవద్దు. నేను అమ్మేదే చోడి పిండి, అయినా చెప్తున్నా. చోళ్లలో మాంసకృత్తులు 7 శాతమే, బియ్యం కన్నా ఎక్కువేం కాదు. వాటి గొప్ప కాల్షియం, పీచు. 100 గ్రాముల్లో 360 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. షుగర్ మనిషికి పల్చటి జావ కాచి బెల్లం వేసి ఇస్తే షుగర్ తొందరగా పెరుగుతుంది. చోడి సంకటి ముద్దకు పక్కన పప్పో గుడ్డో ఉండాలి.

4. శుభ్రత విషయంలో మనమే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. జీవామృతంలో పేడ, మూత్రం ఉంటాయి. రోగులకు వెళ్లే ఆకుకూరకు కోత ముందు ఆకుల మీద పిచికారీ ఆపేసి, నేలకు మాత్రమే ఇవ్వాలి. పచ్చివి పంపకూడదు, బాగా కడిగి ఉడికించే వంటకే. పల్లీలు బాగా ఎండబెట్టి, బూజు పట్టినవి, ముడతలు పడ్డవి ఏరేయాలి. బూజు విషం వేయించినా పోదు. కాచని పాలు, పచ్చి రసాలు, కషాయాలు వార్డులోకి తీసుకెళ్లొద్దు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పప్పు, ఆకుకూర కూడా డాక్టర్ చెప్పిన కొలతలోనే.

5. ఒక్కడి వల్ల కాదు. పది పదిహేను మంది రైతులు, లేదా ఒక మహిళా సంఘం, లేదా ఎఫ్‌పీఓ కలిస్తేనే ఏడాది పొడుగునా సరుకు ఇవ్వగలం. ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్, పీజీఎస్ సర్టిఫికెట్, ప్యాకెట్ మీద తేదీ, తూకం ఉండాలి. బిల్లు ఆలస్యమైతే తట్టుకునే నిధి ఉండాలి.

ఇది కలలా అనిపిస్తే తిరుమల చూడండి. 2021 నుంచి టీటీడీ ప్రసాదాల కోసం రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి సేద్యం శనగలు, బియ్యం కొనడం మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. దేవుడి నైవేద్యానికి పనికొచ్చిన సరుకు, అది పండించిన రైతు జబ్బుపడితే ఆయన పళ్లేనికి పనికి రాదా?

రేపు మీ ఇంట్లో ఎవరైనా చేరితే

ఎవరికీ రాకూడదనే కోరుకుందాం. వస్తే మాత్రం ఇవి గుర్తుంచుకోండి.

- చేరిన రోజే బరువు తూచమని నర్సమ్మను అడగండి, కాగితం మీద రాసుకోండి. వారం తర్వాత మళ్లీ తూచండి.
- షుగర్, బీపీ, కిడ్నీ ఉంటే ఏ డైట్ రాశారో డాక్టర్‌ను అడగండి. డైటీషియన్ ఉంటే కలవండి.
- రోగి పళ్లెం రోగికే. తోడున్నవాళ్లు బయట తినే ఏర్పాటు చేసుకోండి. హైదరాబాద్ పెద్దాసుపత్రుల్లో 2022లో సహాయకులకు 5 రూపాయల భోజనం మొదలుపెట్టారు. మన దగ్గర పట్టణాల్లో అన్న క్యాంటీన్లలో కూడా 5 రూపాయలకే దొరుకుతుంది.
- ఇంటి నుంచి తేవాలంటే డాక్టర్‌ను అడిగి, ఉడికించిన గుడ్లు, గట్టి పప్పు, పెరుగు తేండి. పళ్ల సంచీలు, హార్లిక్స్ డబ్బాల కన్నా అవి నయం.
- భోజనం బాగోకపోతే వంటమ్మ మీద అరవకండి. ఆమె చేతికి వచ్చిన సరుకే ఆమె వండుతుంది. ఆర్‌ఎంఓ గారికో సూపరింటెండెంట్ గారికో రాసివ్వండి. మెనూ, డైట్ చార్జీ ఎంతో సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. కేంద్ర ప్రభుత్వ నాణ్యతా ప్రమాణాల్లో, ఎన్‌క్యూఏఎస్ అంటారు, రోగుల భోజనానికి విడిగా ఒక ప్రమాణం ఉంది. కాబట్టి అడగడం మన హక్కే.

నాన్నకు ఇంటి దగ్గర రోజూ రెండు గుడ్లు, గట్టి పప్పు, పెరుగు, మునగాకు కూర, గుప్పెడు పల్లీలు పెట్టాం. అన్నం కొలిచి పెట్టాం. వారం వారం కాటా ఎక్కించాం. మొదట్లో "నన్నేటి బస్తానా?" అని విసుక్కున్నారు. రెండు నెలలకు 57 దాటారు, పుండు పూర్తిగా మానింది. మందులు ఆసుపత్రివే, షుగర్ మాత్రలు ఒక్కరోజూ ఆపలేదు. తిండి ఆ మందులకు తోడైందంతే.

ఆ కాటా ఇప్పుడు మిల్లులోనే ఉంది. ఊళ్లో ఎవరైనా ఆసుపత్రికి వెళ్లే ముందు, వచ్చాక వచ్చి తూచుకోవచ్చని చెప్పాను. ఇప్పటికి ఏడుగురు వచ్చారు. వచ్చే వీడియోలో ఉలవలు, రాజ్మా నిలవ చేసే పద్ధతి చూపిస్తాను. ఉంటానండి.